బ్యాచ్ లేనిదే విరాళం లేదు

పూర్వ విద్యార్థులను ఆన్‌లైన్‌లో కూడగట్టి బడికి నిధులు సమకూర్చాలనుకునేవాళ్లు చాలామంది మొదటిరోజే ఒక పెద్ద గ్రూపు తెరుస్తారు. వారం తిరిగేసరికి వందలమంది చేరతారు. నెలకల్లా గ్రూపంతా శుభోదయాలతో, ఫార్వర్డులతో నిండిపోతుంది. మూడో నెలలో విరాళం అడిగితే చప్పట్ల బొమ్మలు వస్తాయి గానీ డబ్బు రాదు. ఇచ్చే మనసు లేక కాదు. అంత గుంపులో పెట్టిన మాట ఎవరికీ తనను అడిగినట్టు అనిపించదు. అదే మాట పక్క బెంచీలో కూర్చుని చదువుకున్నవాడు ఫోన్ చేసి అడిగితే కాదనడం కష్టం. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పూర్వ విద్యార్థుల నిధి 1890లో మొదలైంది. అక్కడ ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌కూ ఆ బ్యాచ్ మనుషులే ప్రతినిధులుగా ఉండి తోటివాళ్లను అడుగుతారు. సాధనాలు ఎన్ని మారినా ఈ పద్ధతిని మించింది ఇంకా రాలేదు. అందుకే గ్రూపు పేరు, లోగో, వెబ్‌సైటు గురించి ఆలోచించే ముందు బ్యాచ్‌ల వారీగా మనుషుల జాబితా తయారు చేయాలి.

జాబితా ఒక స్ప్రెడ్‌షీటులో చాలు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మనిషికి ఒక వరుస. అందులో బడిలో ఉన్నప్పటి పేరు, ఇప్పటి పేరు, చేరిన ఏడు, బయటికి వెళ్లిన ఏడు, సెక్షన్, దేశం కోడ్‌తో సహా ఫోన్ నంబరు, ఈమెయిల్, ఉంటున్న ఊరు, పనిచేసే చోటు, ఈ వివరాలు ఎవరిచ్చారు, ఎప్పుడు సరిచూశారు, సందేశాలు పంపడానికి ఒప్పుకున్నారా లేదా అన్నవి ఉండాలి. బడిలో ఉన్నప్పటి పేరుకు వేరే గడి ఎందుకంటే, పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన మహిళలు చాలా జాబితాల్లో మాయమైపోతారు. పాత రిజిస్టర్‌లో ఒక పేరు, ఫేస్‌బుక్‌లో ఇంకో పేరు ఉంటే ఇద్దరూ ఒకరేనని ఎవరికీ తట్టదు. చేరిన ఏడు రాసేది మధ్యలో బడి మారినవాళ్ల కోసం. చివరి తరగతి దాకా చదవలేదు కాబట్టి తమకు పిలుపు రాదని వాళ్లు అనుకుంటూ ఉంటారు. పిలిస్తే మాత్రం అందరికంటే సంతోషంగా వస్తారు. ఇంకొక గడి తప్పనిసరి: చనిపోయారని తెలిసినవాళ్లకు వెంటనే గుర్తు పెట్టాలి. కన్నుమూసిన మనిషి పేరుతో ఇంటికి విరాళం ఉత్తరం వెళ్తే ఆ కుటుంబానికి కలిగే బాధను ఏ క్షమాపణా తీర్చలేదు.

దొరకనివాళ్లను వెతకడానికి బ్యాచ్‌కు ఇద్దరు ప్రతినిధులు కావాలి. ఒక్కరే ఉంటే ఆయనకు పని ఒత్తిడి వచ్చిన నెలలో ఆ బ్యాచ్ మొత్తం నిద్రపోతుంది. ఇద్దరూ వేర్వేరు స్నేహ బృందాలవాళ్లయితే మంచిది. 'అందరూ చేరండి' అనే పిలుపుకు స్పందన తక్కువ. 'ఈ పదిమంది ఆచూకీ దొరకలేదు, ఎవరికైనా తెలుసా?' అని పేర్లు పెడితే గంటలో కబుర్లు మొదలవుతాయి. ఒకేసారి యాభై పేర్లు పెడితే ఎవరూ చదవరు కాబట్టి వారానికి పది చాలు. పాత గ్రూపు ఫొటో పెట్టి ఎవరెవరో గుర్తు పట్టమనడం కూడా బాగా పనిచేస్తుంది. అయితే దొరికిన మనిషి నంబరును గ్రూపులో పెట్టకూడదు. ఫారం లింకు ఆ మనిషికే పంపి, వివరాలు ఆయన చేతే నింపించాలి.

ఇక ఎక్కడ కూడాలి? వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు గానీ, అంతమందిని నింపితే మాట్లాడేది ఇరవైమందే. ముప్పై నుంచి నూటయాభైమంది ఉన్న బ్యాచ్ గ్రూపుల్లోనే నిజమైన మాటలు నడుస్తాయి. వాటన్నిటినీ వాట్సాప్ కమ్యూనిటీ కిందికి తెచ్చి, పైన అడ్మిన్లు మాత్రమే రాసే ప్రకటనల గ్రూపు ఉంచండి. ఆ ప్రకటనల గ్రూపులో మామూలు సభ్యులకు ఒకరి నంబరు ఒకరికి కనిపించదు. వేర్వేరు బ్యాచ్‌లవాళ్లు కలిసే చోట, ముఖ్యంగా మహిళలకు, ఇది చాలా ముఖ్యం. ఫేస్‌బుక్ మనుషులను వెతకడానికి మంచిది, నిలబెట్టుకోవడానికి కాదు.

ఈమెయిల్‌ను పాతదని వదిలేయకండి. రసీదులకు, లెక్కలకు, వివరంగా చెప్పాల్సిన విషయాలకు అదే దారి. కాకపోతే పదేళ్ల పాత జాబితాకు ఒక్కసారిగా పంపితే సగం వెనక్కి తిరిగొచ్చి, మీ డొమైన్ (ఈమెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) నుంచి వచ్చే ప్రతి ఉత్తరమూ స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది. ఈ మధ్య జవాబిచ్చినవాళ్లతో మొదలుపెట్టి, రోజుకు కొన్ని వందల చొప్పున పెంచుకుంటూ పోవాలి. సంస్థ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ అమర్చుకోవాలి. ఉత్తరం నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాట్లివి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద సంఖ్యలో పంపేవాళ్లకు ఇవి తప్పనిసరి చేశాయి. ఇది స్పామ్ అంటూ చేసే ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అందుకే 'ఇక వద్దు' అనే లింకు పైకి కనిపించాలి. అది దొరకనివాళ్లు స్పామ్ మీట నొక్కుతారు.

డబ్బు అడగడానికి ముందు కనీసం ఆరు నెలలు ఏమీ అడగకుండా నడపాలన్నది నా గట్టి అభిప్రాయం. ఏమీ అడగకుండా అంటే డబ్బు మాత్రమే. సమయం అడగండి: పై తరగతి పిల్లలకు ఒక గంట వీడియోలో తన వృత్తి గురించి చెప్పమని, ఒక అమ్మాయి దరఖాస్తు చదివి సలహా ఇవ్వమని. ఆ గంట ఇచ్చిన మనిషికి బడి ఇప్పటి పరిస్థితి కళ్లతో చూసినట్టు తెలుస్తుంది. తర్వాత గ్రంథాలయానికి అల్మారాలు కావాలంటే ఎందుకో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.

అడిగేటప్పుడు పని ఒకటే ఉండాలి, మొత్తం ఒకటే, గడువు ఒకటే. 'బడి అభివృద్ధికి' అంటే ఎవరి కళ్లకూ కట్టదు. 'గ్రంథాలయానికి అల్మారాలు, పుస్తకాలు, రెండేళ్ల పాటు చూసుకునే మనిషి జీతం' అంటే కడుతుంది. జీతాన్ని, నిర్వహణను దాచకుండా అంచనాలో చేర్చండి. కొన్న కంప్యూటర్లు ఏడాదికే మూలపడేది వాటికి దిక్కు లేకనే.

అందరూ చేసే లెక్క ఒకటి ఉంది: మొత్తాన్ని సభ్యుల సంఖ్యతో భాగించి 'తలా ఇంత' అనడం. న్యాయంగా కనిపిస్తుంది, కానీ దెబ్బ రెండువైపులా తగులుతుంది. పదింతలు ఇవ్వగలిగినవాడు ఆ తలసరి ఇచ్చి బాధ్యత తీరిందనుకుంటాడు. అంత ఇవ్వలేనివాడు సిగ్గుపడి గ్రూపు నుంచే తప్పుకుంటాడు. దాని బదులు విరాళాల మెట్లు వేసుకోండి. మొత్తం లక్ష్యాన్ని 100 అనుకుంటే 15 ఇచ్చేవాళ్లు ఒకరు, ఏడున్నర ఇచ్చేవాళ్లు ఇద్దరు, 4 చొప్పున ఐదుగురు, 2 చొప్పున పదిమంది, అర చొప్పున అరవైమంది. ఇది డెబ్భై ఎనిమిది విరాళాలు. అడిగిన ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరు ఇస్తారనుకుంటే, దాదాపు మూడు వందలమందిని పేరుపేరునా అడగాలి. మీ జాబితాలో సరైన నంబర్లున్నవాళ్లు నూరుమందే అయితే లక్ష్యమైనా తగ్గించుకోవాలి, జాబితా అయినా పెంచుకోవాలి.

పై మెట్లవాళ్లతో ప్రకటనకు ముందే మాట్లాడాలి. మూడో వంతు హామీలు చేతికొచ్చాకే అందరికీ చెప్పండి. సున్నా దగ్గర నిలబడ్డ పని మీద ఎవరికీ నమ్మకం కుదరదు. ప్రతినిధి ముందు తాను ఇచ్చి, ఆ తర్వాతే అడగాలి. ఒక్కొక్కరికి పదిమందికి మించి అప్పగించవద్దు. గ్రూపులో ఇచ్చినవాళ్ల పేర్లు పెట్టండి గానీ మొత్తాలు పెట్టవద్దు. బ్యాచ్‌ల మధ్య పోటీ పెట్టాలనుంటే డబ్బు లెక్కన కాకుండా, ఎంత శాతంమంది ఇచ్చారన్న లెక్కన పెట్టండి. అప్పుడే చదువు ముగించిన బ్యాచ్ కూడా అందులో గెలవగలదు. జాబితాలో పనిచేసే చోటు రాయమన్నది కూడా ఇక్కడే అక్కరకొస్తుంది. ఉద్యోగి ఇచ్చినంత కంపెనీ కూడా కలిపి ఇచ్చే పద్ధతిని అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ 1954లో మొదలుపెట్టాక చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. అయితే దరఖాస్తు పెట్టాల్సింది ఉద్యోగే, దానికి రసీదు కావాలి, గడువూ ఉంటుంది. గుర్తుచేయకపోతే ఆ డబ్బు పోయినట్టే.

డబ్బు ఎప్పుడూ సంస్థ ఖాతాకే రావాలి. ఎంత నమ్మకస్తుడైనా వ్యక్తి ఖాతా వద్దు. తీయడానికి ఇద్దరి సంతకాలు ఉండాలి, చెల్లింపు వివరంలో బ్యాచ్ సంవత్సరం రాయించాలి, రసీదు రెండు రోజుల్లో వెళ్లాలి. వేరే దేశాల నుంచి విరాళం తీసుకోవడానికి చాలాచోట్ల ముందస్తు అనుమతులు కావాలి. అడగక ముందే అకౌంటెంటుతో మాట్లాడండి, వచ్చిన డబ్బు తిప్పి పంపడం చాలా కష్టం. నకిలీ క్యూఆర్ కోడ్‌ల బెడద కూడా ఉంది. చెల్లింపు లింకు సంస్థ వెబ్‌సైటులో ఒక్కచోటే ఉంటుందనీ, అడ్మిన్లెవరూ విడిగా కోడ్ పంపరనీ ప్రతి గ్రూపులో పిన్ చేసి ఉంచండి. లక్ష్యం చేరకపోతే ఏం చేస్తారు, మిగిలితే దేనికి వాడతారు అన్న రెండు వాక్యాలు మొదటి ప్రకటనలోనే ఉండాలి. ఒక పనికని తీసుకున్నది ఇంకోదానికి వాడితే, ఎంత మంచి పనైనా, రెండోసారి అడిగే హక్కు పోతుంది.

రెండో విరాళం వచ్చేదీ రానిదీ మొదటి విరాళం తర్వాతి నెలల్లోనే తేలుతుంది. ముప్పయ్యో రోజున ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని ఒక పేజీ పంపండి. ఆరో నెలలో పని ఫొటోలతో మళ్లీ పంపండి. పని ఆగిపోతే ఆగిపోయిందని, ఎందుకో రాసి పంపండి. ఆలస్యాన్ని మన్నిస్తారు, మౌనాన్ని మన్నించరు. ఫొటోల్లో సాయం పొందిన పిల్లల ముఖాలు, పేర్లు వద్దు. వాళ్లూ రేపు ఈ గ్రూపులోకే రావాల్సినవాళ్లు.

సేవా సంస్థలకు తరగతులు ఉండవు గానీ బ్యాచ్‌లు ఉంటాయి: ఒకే ఏడాది శిక్షణ పొందినవాళ్లు, ఒకే శిబిరంలో పనిచేసిన వాలంటీర్లు, పాత ఉద్యోగులు. వీళ్లలో మొదట అడగాల్సింది వాలంటీర్లను. సంస్థ సాయంతో పైకొచ్చినవాళ్లను అడిగేటప్పుడు మాత్రం 'నీకు చేశాం కదా' అన్న నీడ కూడా మాటలో పడకూడదు. వాళ్లను ముందు సలహాదారులుగా పిలవండి. విరాళం మాట వాళ్లంతట వాళ్లు ఎత్తేదాకా ఆగండి.

ప్రతినిధుల పదవీకాలం రెండేళ్లు చాలు. దిగిపోయే ఆరు నెలల ముందే తర్వాతి మనిషిని పక్కన పెట్టుకుని పని నేర్పాలి. ఫారాలు, స్ప్రెడ్‌షీటు, మెయిల్ సేవ, గ్రూపుల అడ్మిన్ హక్కులు ఒకరి సొంత ఈమెయిల్ మీద ఉండకుండా సంస్థ ఈమెయిల్‌కు, కనీసం ముగ్గురి చేతికి మార్చుకోండి.