వరద నీళ్లు దిగిన సంపును మళ్లీ వాడకానికి తెచ్చుకున్న క్రమం

హైదరాబాద్ ఇళ్లలో సంపు, అంటే నేలలోపలి నీళ్ల ట్యాంకు, సాధారణంగా గేటు పక్కనే, మూత నేలకు సమానంగా ఉంటుంది. వీధిలో నీళ్లు నిలిస్తే మొదట నిండేది అదే. 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగినప్పుడు కాలనీల్లోకి వచ్చింది వాన నీరొక్కటే కాదు, మ్యాన్‌హోళ్లు పొంగిన మురుగు కూడా. మా సంపులో దిగినవీ అలాంటి నీళ్లే.

ముందు కొలత. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు: ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున దాదాపు 5,000 లీటర్లు. బ్లీచింగ్ మోతాదంతా ఈ లెక్కమీదే.

కరెంటు మెయిన్ ఆపేశాకే మోటారు ముట్టుకున్నాను. మునిగిన మోనోబ్లాక్‌ను (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) ఎండలో పెట్టి స్విచ్ వేస్తే కాలిపోతుంది, పైన ఆరినా లోపలి తీగచుట్ల (వైండింగ్) సందుల్లో తడి ఉంటుంది. షాపులో విప్పించి, ఆరబెట్టించి, బేరింగులు, కెపాసిటర్ మార్పించాను. కరెంటు బాడీలోకి లీకవకుండా ఇన్సులేషన్ ఎంత ఉందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్ మీద ఒక మెగా ఓమ్ దాటాకే బిగించాం.

సంపును ఒక్కసారిగా తోడెయ్యకూడదు. చుట్టూ నేల నానిపోయి ఉంటే బయటి నీటి ఒత్తిడికి అడుగు, గోడలు పగులుతాయి. మొదటిరోజు రెండడుగులు తోడి గోడమీద గీత పెట్టాను. తెల్లారేసరికి మట్టం గీత దాటితే బయటి నీరు ఊరుతోందని అర్థం, అప్పుడు ఆగాల్సిందే. మా దగ్గర దాటలేదు, మిగతాది తోడేశాం. పెట్రోల్ పంపును సంపులోకి దించడం ప్రాణాల మీదికి తెస్తుంది, దాని పొగ అడుగున నిలిచిపోతుంది. మనిషి దిగేముందు మూత గంటలకొద్దీ తెరిచి ఉంచాం, ఫ్యానుతో గాలి ఆడించాం, నడుముకు తాడు కట్టాం, పైన ఒకరు కదలకుండా నిలబడ్డారు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే: బురద ఉండగానే పౌడర్ చల్లేస్తారు. క్లోరిన్‌ను బురదే తినేస్తుంది, క్రిములు మిగిలిపోతాయి. తట్టలతో బురద ఎత్తి, గోడలు బ్రష్షుతో రుద్ది, రెండుసార్లు కడిగి ఆ నీళ్లూ తోడేశాకే మందు. యాసిడ్‌తో కడగొద్దు, అది బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది.

మంచినీళ్లతో నింపి, 25 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ కిలో వాడాను. అంటే లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. తెరిచి నెలలైన సంచీలో అంత బలం ఉండదు. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రం పోశాను. ఆ నీళ్లే ఓవర్‌హెడ్ ట్యాంక్‌కు ఎక్కించి, ప్రతి కుళాయిలో బ్లీచింగ్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేశాను. తాగునీటి ఆర్వో ఫిల్టర్ లైను ముందే తీసేశాను, అంత క్లోరిన్‌కు దాని లోపలి వడపోత పొర (మెంబ్రేన్) పాడైపోతుంది. రాత్రంతా ఉంచి, పొద్దున్నే మొత్తం వదిలేశాం.

మళ్లీ నింపాక మోతాదు 40 గ్రాములే. అరగంట తర్వాత క్లోరిన్ కిట్‌తో చూస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలి. ఆర్వోలో సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు కొత్తవి వేసి కలిపాను.

చివర్లో సంపు నోటి చుట్టూ వరద గీత కన్నా అడుగు ఎత్తున గోడ కట్టించాను. డ్రైనేజీలోకి పోయే ఓవర్‌ఫ్లో పైపుకు నీళ్లను ఒకవైపే పోనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వ్ పెట్టించాను. మూత ఎంత బిగించినా, ఆ పైపు తెరిచి ఉంటే మురుగు అటునుంచే వెనక్కి వస్తుంది.