మా రగ్బీ క్లబ్బు ఖాతా తెరిపించడానికి నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం నాలుగున్నరకు మా క్లబ్బు బ్యాంకు ఖాతా మళ్ళీ పనిచేయడం మొదలుపెట్టింది. అందులో ఉన్నది 1,143 రూపాయలు. దానికోసం నేను పదకొండు వారాలు తిరిగాను. కోపం మీదున్నప్పుడే రాసేస్తున్నా. చల్లారితే నేను రాయను, నా సంగతి నాకు తెలుసు.

నేను రిటైరైన పీఈటీని. మాది ఒంగోలు. 2014లో కొత్తపట్నం ఇసకలో పద్నాలుగు మంది పిల్లోళ్ళతో రగ్బీ మొదలుపెట్టాను. కబడ్డీ ఆడేవాడి చేతికి కోడిగుడ్డు ఆకారం బంతి ఇస్తే చాలన్నది నా లెక్క. పట్టు పట్టడం వాడికి ముందే వచ్చు. బంతిని ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో వేయాలి అన్నది ఒక్కటీ నేర్పితే సగం ఆట వచ్చినట్టే. అప్పట్లో అందరూ నవ్వారు. ఆ పద్నాలుగు మందిలో ఇద్దరు రాష్ట్ర జట్టుకు ఆడారు. నవ్వినవాళ్ళు ఇది చదువుతుంటే మాత్రం బాగుండు.

సొసైటీగా రిజిస్టరు చేయించాం. నేను కోశాధికారిని. అధ్యక్షుడు చీమకుర్తిలో గ్రానైటు పాలిషింగ్ యూనిట్ ఉన్న పెద్దాయన. జెర్సీలు ఆయనవి, బస్సు చార్జీలు ఆయనవి, పిల్లలకు గుడ్లూ అరటిపళ్ళూ ఆయనవి. నా దగ్గర రసీదు పుస్తకం ఉండేది కానీ దాంతో పనే పడలేదు. డబ్బు అవసరమైతే ఆయనకు ఫోను చేసేవాణ్ణి. 2021 మేలో కరోనా రెండో విడతలో ఆయన పోయారు. ఆ తర్వాత ఖాతా జోలికి ఎవరమూ పోలేదు. పిల్లలు మాత్రం ఆడుతూనే ఉన్నారు, చేతికందిన చందాలతో.

ఈ వేసవిలో, చెన్నైలో ఉద్యోగం చేసే మా పాత ఆటగాడు ఒకడు అమ్మాయిల జట్టుకు బూట్లు కొనడానికి పాతిక వేలు ఇస్తానన్నాడు. నా ఫోన్‌పేకి పంపమన్నా. "వద్దు సార్, క్లబ్బు ఖాతాకే పంపుతా" అన్నాడు. అప్పుడు నొచ్చుకున్నా గానీ వాడే తెలివైనోడు.

బ్యాంకుకు పోతే, రెండేళ్ళు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుందని చెప్పారు. లేపాలంటే ఇప్పటి కార్యవర్గం జాబితా, దాని మీద సొసైటీల ఆఫీసు ముద్ర, తీర్మానం, క్లబ్బు పాన్ కార్డు, సంతకం పెట్టేవాళ్ళ ఆధార్లు తేవాలట. సొసైటీల ఆఫీసుకు పోతే (ఏ ఊళ్ళో ఏ ఆఫీసో రాయను) 2019 తర్వాత మేం జాబితాలే ఇవ్వలేదని తేలింది. 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి. మేం పెద్దాయన ఉన్నప్పుడే ఎగ్గొట్టాం, పోయాక చెప్పేదేముంది!

ఇక్కడే నేను చేయకూడని పని చేశాను. ఆఫీసు ఎదుట జిరాక్సు కొట్టువాడు ఉన్నాడు. "సార్, పాత జాబితా తీసి సంవత్సరం మార్చండి, అందరూ అట్టానే చేస్తారు" అన్నాడు. ముందే చెప్తున్నా, ఆఫీసు ముందు జిరాక్సు కొట్టువాణ్ణి ఫారం ఎక్కడ దొరుకుతుందో అడగండి, అంతకంటే ఇంకేమీ అడగొద్దు. నేను విన్నాను. ఆ రాత్రి భోజనం చేసి కూర్చుని 2020 నుంచి వరసపెట్టి అన్ని ఏళ్ళకూ జాబితాలు తయారుచేశాను. అవే ఏడు పేర్లు. ఊళ్ళో లేనివాళ్ళ సంతకాలు కూడా నేనే పెట్టాను. రెండు రకాల పెన్నులు వాడాను, అనుమానం రాకుండా! నా తెలివికి నేనే మురిసిపోయాను.

అప్పుడే మా అక్క మనవడు ఫోను చేశాడు. వాడు ఇంగ్లండులో కొవెంట్రీలో చదువుకుని అక్కడే ఉద్యోగంలో ఉన్నాడు. రగ్బీ పిచ్చి నేనే ఎక్కించాను. ఏం చేస్తున్నావు తాతా అంటే గొప్పగా చెప్పాను. వాడు నవ్వలేదు. "మా ఊరి క్లబ్బు గుర్తుందా" అన్నాడు.

గుర్తులేకేం. దాని పేరు వాస్ప్స్, అంటే కందిరీగలు. 1867లో పుట్టిన క్లబ్బు, ఆరుసార్లు ఇంగ్లండు చాంపియన్లు, రెండుసార్లు యూరప్ కప్పు. లండన్ నుంచి కొవెంట్రీకి మారి అక్కడి స్టేడియాన్నే కొనేశారు. ఆ కొనుగోలు అప్పు కోసం 2015లో జనానికి బాండ్లు అమ్మి మూడున్నర కోట్ల పౌండ్లు తెచ్చారు, ఆరున్నర శాతం వడ్డీకి. మన డబ్బులో 300 కోట్ల పైమాట. 2022 మేలో తిరిగి కట్టాలి, కట్టలేకపోయారు. పన్ను బకాయి వేరే. అక్టోబరు 17న క్లబ్బు దివాలా అధికారుల చేతికి పోయింది, ఆటగాళ్ళూ కోచ్‌లూ సిబ్బందీ కలిపి 167 మంది ఒక్కరోజులో ఇంటికి. మనవడు ఆ రోజు స్టేడియం దాకా నడిచిపోయి గేటు ఫోటో పంపాడు.

అంతకు మూడు వారాల ముందు ఇంకో క్లబ్బు వూస్టర్ వారియర్స్‌ది కూడా అదే గతి. పన్నే దాదాపు 60 లక్షల పౌండ్లు బకాయి. ఇంగ్లండు రగ్బీ సంఘం వాళ్ళు బీమా కాగితం చూపండి, జీతాలకు డబ్బు చూపండి, ముందు ఎట్టా నడుపుతారో చూపండి అని సెప్టెంబరు 26 సాయంత్రం ఐదింటిదాకా గడువిచ్చారు. చూపలేదు, సస్పెండ్ చేశారు. మరుసటి ఏడు లండన్ ఐరిష్‌కు మే 30 గడువు, జూన్ 6 దాకా పొడిగించారు. అమెరికావాళ్ళు కొంటున్నారు, ఇదిగో కొంటున్నారు అంటూనే ఉన్నారు, ఆ కొనుగోలు పూర్తయినట్టు చూపించలేకపోయారు. జెర్సీ రెడ్స్ అనే క్లబ్బుదైతే మరీ విడ్డూరం, 2023లో రెండో డివిజను కప్పు గెలిచి అదే ఏడు సెప్టెంబరులో మూతపడింది. అక్కడ టిక్కెట్లూ టీవీ డబ్బూ ఆటగాళ్ళ జీతాలకు చాలవు. తేడా యజమాని తన జేబులోంచి పోస్తుంటాడు. ఆయనకు విసుగొచ్చిన రోజు క్లబ్బు లేదు. మా పెద్దాయనకు విసుగు రాలేదు పాపం, ఆయనే పోయారు.

"వాళ్ళందరూ కాగితం దగ్గరే దొరికారు తాతా" అన్నాడు మనవడు. పెద్దోళ్ళ కథ మనకెందుకు లేరా అని ఫోను పెట్టేశాను.

పొద్దున్నే పదిన్నరకు ఆఫీసులో ఉన్నాను. సీట్లో ఓ ముప్ఫై అయిదేళ్ళ అమ్మాయి. నా వెనక అపార్టుమెంటు సంఘం సెక్రటరీ ఒకాయన, ఓ పాస్టరుగారు, ఇంకో నలుగురు. ఆ అమ్మాయి నా జాబితాలు ఒక్కొక్కటే తిప్పింది. 2022 దగ్గర ఆగింది.

"అధ్యక్షులు ఈయనేనా సార్?"

"అవునమ్మా."

"2023కి కూడా?"

"ఆయనేనమ్మా. మా క్లబ్బు మొదటి నుంచీ ఆయనే."

"సంతకం ఆయనే పెట్టారా?"

నేను తలూపాను. ఆ తలూపడం తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"ఈయన మా నాన్న స్నేహితులండి. దినానికి మేమందరం పోయాం" అంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అపార్టుమెంటు ఆయన "పోయినోళ్ళు కూడా ఆడతారా ఈ ఆట?" అన్నాడు. పాస్టరుగారు కిందకి చూస్తున్నారు, అది ఇంకా కష్టంగా ఉంది. ఏదో ఒకటి చెప్పాలని "పొరపాటున పాత కాగితం వచ్చిందమ్మా" అన్నా. నాలుగేళ్ళకు నాలుగు పొరపాట్లు!

అప్పుడు ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "నన్ను గుర్తుపట్టలేదా సార్? ఎనిమిదో తరగతిలో పక్కదాని బదులు నేను 'ప్రెజెంట్ సార్' అన్నానని గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించారు" అంది.

గుర్తురాలేదు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో అట్టా ఎందర్ని పరిగెత్తించానో! కానీ పరిగెత్తించే ఉంటాను, అందులో అనుమానం లేదు.

ఆమె ఆ కాగితాలన్నీ సర్ది, పిన్ను గుచ్చి, నా చేతికే ఇచ్చింది. "ఇవి నేను చూడలేదు సార్. తీసుకుపోండి. డెత్ సర్టిఫికెట్టు తెచ్చుకోండి, నిజంగా మీటింగు పెట్టండి, ఆ ఏళ్ళు ఎవరు చూశారో ఉన్నది ఉన్నట్టు రాసుకురండి" అంది. తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనేవాణ్ణి. మెట్లు దిగి చెట్టు కింద స్కూటరు మీద అరగంట కూర్చున్నా. జిరాక్సువాడు "అయిందా సార్" అని అరిచాడు. వాడికి బదులివ్వలేదు, ఇవ్వను కూడా.

పెద్దాయన ఇంటికి పోవడం ఇంకో పరీక్ష. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు నేను. అమ్మగారు ఏమీ అనలేదు, కాఫీ ఇచ్చారు, సర్టిఫికెట్టు జిరాక్సు ఇచ్చారు. తర్వాత ఆయన రాసుకున్న పద్దు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. బంతులు, బస్సు, గుడ్లు, అన్నీ తేదీలతో. క్లబ్బుకు లెక్క రాయాల్సినవాణ్ణి నేను, రాసింది ఆయన. ఒకచోట "పీఈటీ సారుకు చేబదులు 2,000" అని ఉంది, దానికెదురుగా కొట్టివేత లేదు. ఫోను తీసి అక్కడికక్కడే పంపబోయాను. ఆవిడ నవ్వి, "నాకు ఆ ఫోన్‌పేలు లేవన్నా" అన్నారు. ఏటీఎంకు పోయి తెచ్చి ఇచ్చాను.

మీటింగు మినీ స్టేడియం మెట్ల మీద పెట్టాం. కోరం సరిపోయింది. ఉపాధ్యక్షుడే ఇన్నాళ్ళూ చూశాడని ఉన్నది ఉన్నట్టు తీర్మానం రాశాం. చలానా కట్టాం, ముద్ర పడింది. ఇదంతా రెండు వారాల పని, ఇబ్బందేమీ లేదు.

బ్యాంకువాళ్ళను మాత్రం వదలను. మూడుసార్లు తిప్పారు. మొదటిసారి కౌంటరులో కుర్రాడు ఫైలు మీద పేరు చూసి, "రబీ క్లబ్బా? పంట రుణాల కౌంటరు అటుపక్క" అన్నాడు. రగ్బీ నాయనా అంటే అదేం పంట అన్నట్టు చూశాడు. రెండోసారి కార్యవర్గం ఏడుగురూ రావాలన్నారు, అందరూ పోయాక ఇద్దరు చాలన్నారు. అయిదుగురు సెలవు పెట్టుకుని వచ్చారు, వాళ్ళ కూలి ఎవడిస్తాడు? మూడోసారి సర్వరు లేదు. బ్యాంకుకు సోమవారం పోకండి, చెప్పింది కాగితం మీద రాసిమ్మనండి.

ఇంకో సంగతి. ఆఫీసులో జరిగింది ఆ అమ్మాయి ఎవరికీ చెప్పలేదు, అపార్టుమెంటు ఆయన మాత్రం ఊరంతా చెప్పాడు. మీటింగులో కొత్త కార్యవర్గం దగ్గరికి వచ్చేసరికి, నేను నేర్పిన పిల్లోళ్ళే, నా ముఖం వంక చూడకుండా, మొబైలు షాపులో పనిచేసే ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి కోశాధికారిగా ఎన్నుకున్నారు. చేతులెత్తినవాళ్ళలో మొదటిది ఆ చెన్నైవాడిది. నన్ను సలహాదారు అన్నారు. సలహాదారుకు సంతకం లేదు.

నిన్న సాయంత్రం పాతిక వేలూ పడ్డాయట. మెసేజి కొత్త కోశాధికారి ఫోనుకు వచ్చింది, వాడు రాత్రి ఎనిమిదింటికి నాకు చూపించాడు. ఇవాళ పొద్దున ఏడింటికే అమ్మాయిల కాళ్ళ కొలతలు తీసుకోవడానికి గ్రౌండుకు వెళ్ళాడు, టేపు నా దగ్గర అడిగి తీసుకున్నాడు.