ఎడమ పెడలు

పర్లాకిమిడిలో మా ఇల్లు, పాతపట్నంలో బట్టలకొట్టు ఉద్యోగం. మధ్యలో మహేంద్రతనయ ఏరు దాటితే రాష్ట్రం మారిపోతుంది. 22 ఏళ్లు ఆ దారంతా సైకిలు మీదే తిరిగాను. అలాంటిది ఓ తెల్లవారుజామున చెప్పు తొడుక్కోబోతే ఎడమకాలు కదల్లేదు. చెప్పు కాలికింద ఉందో లేదో కూడా తెలియలేదు.

బీపీ మాత్రలు మూణ్ణెల్లుగా మానేశాను, ఒంట్లో బాగానే ఉంది కదా అని. ఆ తప్పు నాదే. తర్వాతి తప్పులో వీధికీ వాటా ఉంది. "పచ్చవాతం బావూ, పావురం నెత్తురు రాస్తే తగ్గిపోద్ది" అన్నాడో పెద్దాయన. ఆ వైద్యం కోసం ఆటోలో ఇంకో ఊరు పోయాం. మెదడులో అడ్డుపడ్డ రక్తపుగడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల్లోపే పడాలట. ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. మెదడు కుడివైపు దెబ్బతిందన్నారు.

రెండు నెలలకి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశాను. విశాఖలో మా అప్ప ఇంట్లో ఉండి ఫిజియోథెరపీకి వెళ్లాను. అక్కడ ఎక్కించారు కరెంటు సైకిలు. అది నిజానికి సైకిలు కాదు. కుర్చీ ముందు రెండు పెడళ్లు, మోటారు, చిన్న తెర.

పేస్‌మేకర్ ఉందా, మూర్ఛలు వచ్చాయా అని ముందే అడిగారు. తొడ మీద వెంట్రుకలు కత్తిరించి, ముందొకచోట, వెనకొకచోట, పిర్ర మీద జిగురు ప్యాడ్లు అంటించారు. పెడలు ఎక్కడుందో చూసుకుని, ఏ కండ పనిచేయాల్సిన వేళకి ఆ కండకి యంత్రం కరెంటు పంపుతుంది. ముందు చురచురలాడింది. తర్వాత, పచ్చిపిండిలా వేలాడుతున్న నా తొడ ఒక్కసారిగా రాయిలా బిగిసింది, మోకాటిచిప్ప పైకి జరిగింది. సంతోషం కాదు, భయమేసింది. ఎవరిదో కాలు నాకు తగిలించినట్టు.

నాలుగోరోజుకి ధీమా వచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఫిజియో అమ్మాయి తెర చూపించింది: తొక్కుడులో నూటికి ఎడమకాలి వాటా 9, కుడికాలిది 91. "బాబాయ్ గారూ, కరెంటు పని కరెంటు చేస్తది. మీరూ తొక్కాలి." అంటే నేను తొక్కడం లేదు, ఊరేగుతున్నాను!

ఆ రోజు నుంచి కాలికేసి చూస్తూ, పళ్లు బిగబట్టి, కరెంటు తగిలిన క్షణానే నేనూ తోసేవాణ్ణి. పది నిమిషాలకే తొడ చచ్చుబడేది. మనంతట మనం కదిపితే కండలో పోగులు వంతులవారీగా పనిచేస్తాయట. కరెంటు ప్రతిసారీ అవే పోగుల్ని ఒక్కుమ్మడిగా లేపుతుంది, అందుకే తొందరగా అలుపు. వారానికి మూడురోజులు, ఎనిమిది వారాలు. దాంతోపాటు లేచి కూర్చోవడం, మెట్లెక్కడం. చివరికి ఎడమ 34 అయింది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. మోకాలు మడతపడిపోవడం ఆగింది. పాదం మాత్రం ఇప్పటికీ వేలాడుతుంది, పాదాన్ని ఎత్తిపట్టే పట్టీ లేకపోతే గడప తన్నుకుంటాను.

మా ఊళ్లో ఆ యంత్రం లేదు. పెరట్లో నా పాత సైకిలు స్టాండు వేసి, ఒకచేత్తో గోడ పట్టుకుని ఎక్కుతాను. పాదం జారకుండా మా ఆవిడ తువ్వాలు ముక్కతో పెడలుకి కట్టి, చక్రం తిరుగుతుంటే అక్కడే నిలబడుతుంది.

"ఎక్కడిదాకా ఎల్లినారేటి?"

"ఏరు ఇంకా దాటలేదే."