యూనివర్సిటీ జర్నల్స్ రివ్యూ అందరం కలిసి చేసుకున్నాం – నా అనుభవం

పీరియాడికల్స్ సెక్షన్ చూసేవాళ్ళకి ఆగస్టు వచ్చిందంటే గుబులు మొదలవుద్ది. జర్నల్స్‌కి ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబర్, మన బడ్జెట్‌కేమో ఏప్రిల్ నుంచి మార్చి, ఈ రెండిటికీ ఎప్పుడూ పొసగదు. అక్టోబర్, నవంబర్ కల్లా ఆర్డర్లు వెళ్ళిపోవాలి, లేకపోతే జనవరి ఇష్యూ రాదు, ఆన్‌లైన్‌ది అయితే ఒకరోజు పొద్దున్నే ఉన్నట్టుండి యాక్సెస్ ఆగిపోద్ది, ఇక స్కాలర్స్ ఫోన్లన్నీ మనకే. నేను పనిచేసేది కోస్తాలో ఒక స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీలో. మెయిన్ లైబ్రరీ కాకుండా ఇంజనీరింగ్, లా, ఫార్మసీ కాలేజీలకి విడిగా లైబ్రరీలున్నాయి, ఎవరి లిస్టు వాళ్ళది, పబ్లిషర్ల నుంచి జర్నల్స్ తెప్పించిపెట్టే ఏజెంటు కూడా ఎవరికి వాళ్ళే. పోయినేడాది లిస్టు కింద "కంటిన్యూ చేయవచ్చు" అని ఒక ముక్క రాసి సంతకాలు పెట్టించి పంపేయడమే చాలా ఏళ్ళుగా అలవాటు. దాన్ని పక్కనపెట్టి ఏ జర్నల్ ఉంచాలి, ఏది ఆపాలి అని నాలుగు లైబ్రరీలూ డిపార్ట్‌మెంట్లూ కలిసి ఒకే రివ్యూ చేసుకున్నాం. ఇలాంటి పని నెత్తిన పడ్డవాళ్ళకి పనికొస్తుందని ఎలా చేశామో రాస్తున్నా.

అసలు కదలిక వచ్చింది వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వల్ల, అంటే ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలన్నిటి తరఫున కేంద్రమే ఈ-జర్నల్స్‌కి డబ్బు కట్టే స్కీమ్. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది, 2025, 2026, 2027 మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 అంతర్జాతీయ పబ్లిషర్లు, దాదాపు 13,000 ఈ-జర్నల్స్, 6,300కి పైగా ప్రభుత్వ సంస్థలు. నడిపేది గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్, యూనివర్సిటీ లైబ్రరీల కోసం యూజీసీ పెట్టిన సంస్థ. 2025 జనవరి 1 నుంచి మొదలైంది, ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, ఐట్రిపుల్‌ఈ లాంటి పెద్దవాళ్ళంతా అందులో ఉన్నారు. ఇంకేముంది, క్యాంపస్‌లో రెండు మాటలు బయల్దేరాయి. ఢిల్లీ నుంచి అన్నీ ఫ్రీగా వస్తుంటే లైబ్రరీకి జర్నల్స్ బడ్జెట్ దేనికి అని ఆఫీస్ వైపు నుంచి ఒకటి, మా జర్నల్స్ జోలికి రావద్దు అని డిపార్ట్‌మెంట్ల నుంచి ఇంకోటి. నా దృష్టిలో రెండూ సరికాదు. ఆ 30 మందిలో లేని, పండితుల సంఘాలు తెచ్చే సొసైటీ జర్నల్స్ ఉన్నాయి, ప్రింట్‌లో మాత్రమే వచ్చే మన దేశపు పత్రికలున్నాయి, లా వాళ్ళకి లా రిపోర్టర్లు, అంటే కోర్టు తీర్పులు అచ్చేసే పత్రికలు, లేకుండా రోజు గడవదు. అలాగని ఆ స్కీమ్‌లో వస్తున్న జర్నల్‌కి మళ్ళీ మన డబ్బు కట్టడం కూడా అన్యాయమే, అది పిల్లల ఫీజుల నుంచి వచ్చిన డబ్బు.

ముందు ఒక గూగుల్ షీట్ తెరిచాం. నాలుగు లైబ్రరీల లిస్టులూ అందులో పోసాం, ఒక్కో జర్నల్‌కి ఒక్కో లైను. పేరు, ఐఎస్ఎస్ఎన్ (ప్రతి పత్రికకీ ఇచ్చే గుర్తింపు నంబర్), పబ్లిషర్, ప్రింటా ఆన్‌లైనా, గత మూడేళ్ళ ధర, ఏ డిపార్ట్‌మెంట్ కోసం తెప్పిస్తున్నాం, స్కీమ్‌లో ఉందా లేదా, ఎవరైనా ఉచితంగా చదివే ఓపెన్ యాక్సెసా. వినడానికి చిన్న పనిలా ఉంటుంది గానీ మొత్తం రివ్యూలో ఎక్కువ టైం తిన్నది ఇదే. పేర్లతో పోల్చి చూస్తే లాభం లేదు, ఒక లైబ్రరీలో పేరు ముందు "ది" ఉంటుంది, ఇంకో దాంట్లో పొడి అక్షరాలే ఉంటాయి, కొన్ని జర్నల్స్ మధ్యలో పేరు మార్చుకుంటాయి. ఐఎస్ఎస్ఎన్‌తోనే కలపాలి, అదీ జాగ్రత్తగా, ఎందుకంటే ప్రింట్‌కి ఒక నంబర్, ఆన్‌లైన్‌కి ఇంకో నంబర్ ఉంటాయి, రెండూ రాసుకోకపోతే ఒకే జర్నల్ రెండుగా కనిపిస్తుంది. అలా కలిపాకే తెలిసింది, కెమిస్ట్రీ కోసం మెయిన్ లైబ్రరీలో తెప్పిస్తున్న కొన్ని టైటిల్స్ (జర్నల్స్‌ని మేం అలా కూడా అంటాం) ఫార్మసీ లైబ్రరీలోనూ వస్తున్నాయని. రెండు బిల్డింగుల మధ్య నడిచి వెళ్ళేంత దూరమే. ఎవరినీ అనడానికి లేదు, ఎవరి లిస్టు వాళ్ళ బీరువాలో ఉంటే పక్కవాళ్ళది ఎలా తెలుస్తుంది. ఇంకొన్ని అసలు డబ్బు కట్టక్కర్లేనివి, ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ళ ప్రమాణ, సాధన లాంటివి అకాడమీ సైట్‌లోనే ఉచితంగా చదువుకోవచ్చు.

ఇక వాడకం లెక్కలు. పబ్లిషర్లు ఇచ్చే రిపోర్టులకి కౌంటర్ అని ఒక పద్ధతి ఉంది, 2019 నుంచి దాని రిలీజ్ 5, 2025 నుంచి 5.1 నడుస్తున్నాయి. మనకి ముఖ్యంగా కావాల్సింది అందులో టీఆర్ జే1 అనే రిపోర్టు, ఒక్కో జర్నల్‌లో ఆర్టికల్స్ ఎన్నిసార్లు తెరిచారో చెప్పేది. అందులో టోటల్ అని ఒకటి, యూనిక్ అని ఒకటి రెండు లెక్కలుంటాయి. ఒక స్కాలర్ ఒకే కూర్చోటంలో ఒక పేపర్‌ని ముందు వెబ్ పేజీలో చదివి తర్వాత పీడీఎఫ్ దించుకుంటే టోటల్‌లో రెండు పడతాయి, యూనిక్‌లో ఒకటే. మేం యూనిక్ తీసుకున్నాం, అదే న్యాయంగా అనిపించింది. ధరని దాంతో భాగిస్తే ఒక్కో వాడకానికి ఎంత పడిందో వస్తుంది. ఉదాహరణకి 60,000 రూపాయల జర్నల్‌ని ఏడాదిలో 300 సార్లు తెరిస్తే ఒక్కోసారికి 200, అదే ఆరుసార్లే తెరిస్తే 10,000.

ఈ అంకె చేతికి రాగానే పని అయిపోయింది అనుకునేవాళ్ళు ఎక్కువ, అక్కడే ఆగమని చెప్తా నేను. మా షీట్‌లో ఒక పబ్లిషర్ జర్నల్స్ అన్నిటికీ సున్నాకి దగ్గర్లో వాడకం చూపించింది. అన్నిటికీ ఒకేసారి ఎలా పడిపోద్ది అని తవ్వితే, మా రీసెర్చ్ బ్లాక్‌కి కొత్త ఇంటర్నెట్ లైన్ వేశాక మారిన ఐపీ అడ్రసులు పబ్లిషర్ దగ్గర ఎక్కలేదు, ఆ నంబర్లని బట్టే వాళ్ళు మన క్యాంపస్‌ని గుర్తుపట్టి తెరుస్తారు. పిల్లలు ప్రయత్నించి, తెరుచుకోక, వదిలేశారు. ఆ అంకె చూసి కట్ చేసుంటే ఎంత తప్పు జరిగేది! అందుకే టీఆర్ జే2 తప్పకుండా తీయండి, అది దొరక్క వెనక్కి తిరిగినవాళ్ళ లెక్క. మనకి లేని ఏ జర్నల్ కోసం ఎంతమంది తలుపు తట్టారో అందులో కనిపిస్తుంది. కొత్తగా ఏం కొనాలో చెప్పే రిపోర్టు నాకు తెలిసి ఇదొక్కటే, దీన్ని తెరిచి చూసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. టీఆర్ జే4 కూడా చూడాలి, ఏ సంవత్సరపు ఆర్టికల్స్ చదువుతున్నారో చెప్తుంది. కొన్ని జర్నల్స్‌లో చదివేదంతా పాత సంవత్సరాలవే, వాటి మీద మనకి శాశ్వత హక్కు ఉంటే కొత్త ఏడాది ఆపినా పాఠకుడికి పెద్దగా నష్టం లేదు.

ప్రింట్ జర్నల్స్‌కి ఈ రిపోర్టులేవీ ఉండవు. వాటి కోసం రీడింగ్ హాల్లో టేబుల్స్ మీద వదిలేసిన ఇష్యూలని సాయంత్రం ర్యాకుల్లో సర్దేముందు ఒక పేపర్ మీద టిక్ పెట్టమని అటెండర్లకి చెప్పాం. చదివినవి ర్యాకులో పెట్టకండి, టేబుల్ మీదే ఉంచండి అని బోర్డు పెట్టాం. ఒక సెమిస్టర్ అంతా వాళ్ళు చాలా ఓపిగ్గా చేశారు, వాళ్ళ టిక్కులే మా దగ్గరున్న ఏకైక ఆధారం. దాంట్లో తేలిందేంటంటే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ, యోజన, కురుక్షేత్ర అస్సలు ర్యాకులో ఉండట్లేదు, గ్రూప్స్‌కి సివిల్స్‌కి చదువుకునే పిల్లలు పొద్దున తలుపు తీసేసరికే వచ్చి పట్టుకుంటున్నారు. ఆన్‌లైన్‌లో ఉంది కదా ప్రింట్ ఎందుకు అన్న ప్రశ్న ఆ మూడింటి దగ్గర మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

షీట్ రెడీ అయ్యాక డిపార్ట్‌మెంట్లకి పంపాం, పంపే పద్ధతి గురించి మాత్రం కొంచెం చెప్పాలి. హెచ్ఓడీకి ఒక లెటర్ పెట్టి "మీ అభిప్రాయం తెలపగలరు" అంటే జవాబు రాదు, వచ్చినా అన్నీ కావాలి అనే వస్తుంది. అందుకని ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి లైబ్రరీ నుంచి ఒకరం, అక్కడి నుంచి ఒక యంగ్ ఫ్యాకల్టీ, ఒక రీసెర్చ్ స్కాలర్, ఇలా ముగ్గురిని కలిపాం. స్కాలర్ ఉండాలని నేను పట్టుబట్టా, రోజూ పేపర్లు వెతుక్కునేది వాళ్ళే. వాళ్ళ టైటిల్స్‌ని తప్పనిసరి, ఉంటే మంచిది, ఆపొచ్చు అని మూడు భాగాలు చేయమన్నాం, ప్రతిదానికీ ఒక వాక్యం కారణం రాయాలి. ధర, వాడకం పక్కనే కనిపిస్తుంటాయి, పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా చూడొచ్చు, కామెంట్ పెట్టొచ్చు. దీనివల్ల జరిగిన మేలు అంతా ఇంతా కాదు. జువాలజీ వాళ్ళు ఆపొచ్చు అన్న ఒక జర్నల్ పక్కన ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ వాళ్ళు "మా ముగ్గురు స్కాలర్స్ దీని మీదే ఆధారపడ్డారు" అని రాశారు. పాత పద్ధతిలో అయితే అది చడీచప్పుడు లేకుండా పోయేది.

కారణాల్లో కొన్ని నిలబడలేదు. "యూజీసీ కేర్ లిస్టులో ఉంది" అని చాలామంది రాశారు. ఆ లిస్టు మన వాళ్ళు ఎక్కడ పబ్లిష్ చేయాలో చెప్పేది గానీ లైబ్రరీ ఏది కొనాలో చెప్పేది కాదు, పైగా 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్నే ఆపేసింది. ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు మీటింగ్‌లో కాస్త గట్టిగానే అడిగారు, "చూడమ్మా, జర్నల్స్ తగ్గించుకుంటూ పోతే దాన్ని యూనివర్సిటీ లైబ్రరీ అంటారా?" అని. ఆయన బాధ నాకు అర్థమైంది, ఆయన చదువుకున్న రోజుల్లో ఆ ర్యాకులు నిండటానికి ఎంత కష్టపడ్డారో కూడా తెలుసు. 2012 ఏప్రిల్‌లో హార్వర్డ్ ఫ్యాకల్టీ కమిటీ వాళ్ళే కొందరు పెద్ద పబ్లిషర్ల జర్నల్స్ ఖర్చే ఏడాదికి 37.5 లక్షల డాలర్లకి దగ్గరపడింది, ఇలాగైతే మోయలేం అని తమ ప్రొఫెసర్లకి లెటర్ రాసిన సంగతి చెప్పా. "సార్, మనం ఆపుతున్నది చదవడాన్ని కాదు, ఒకే జర్నల్‌కి రెండుసార్లు కట్టడాన్ని" అని ఆయన లిస్టులో స్కీమ్ కింద వస్తున్న టైటిల్స్‌ని అక్కడే ఆయన ఫోన్‌లో తెరిచి చూపించా. ఇంటి నుంచి లాగిన్ అవ్వడం కూడా నేర్పించా. తర్వాత ఆయనే మిగతా డిపార్ట్‌మెంట్ల వాళ్ళకి సర్దిచెప్పారు.

తెలుగు శాఖ గురించి విడిగా చెప్పాలి. వాళ్ళకి ఉన్నవే కొన్ని, అందులో ఒకటి తిరువనంతపురం నుంచి వచ్చే ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ద్రవిడియన్ లింగ్విస్టిక్స్. టిక్కులు చూస్తే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అంకెల వరసలో అది అట్టడుగున ఉంది. కానీ దాన్ని చదివేవాళ్ళు మాండలికాల మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు, ఆ విషయం మీద వాళ్ళకి దానికి బదులు చూపించగలిగేది ఏదీ మా దగ్గర లేదు. వెయ్యి మంది ఉన్న ఇంజనీరింగ్ కాలేజీనీ పదిమంది స్కాలర్లున్న శాఖనీ ఒకే కొలతతో కొలిస్తే ప్రతి ఏడాదీ చిన్న శాఖే నష్టపోద్ది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం, ఏ శాఖ అయినా సరే "తప్పనిసరి" అన్న మొదటి రెండు టైటిల్స్‌ని వాడకం లెక్కతో తీసేయకూడదు అని. లైబ్రరీ కమిటీలో దీని మీద వాదన జరిగింది, చివరికి ఒప్పుకున్నారు. మొత్తం రివ్యూలో నాకు బాగా తృప్తినిచ్చింది ఈ నిర్ణయమే.

ఆపే వాటి విషయంలో ఇంకో పని ఉంది, చాలామంది మర్చిపోయేది. ఆన్‌లైన్ జర్నల్ ఆపేముందు పాత లైసెన్స్ కాగితాలు వెతికి, మనం డబ్బు కట్టిన సంవత్సరాల మీద ఆపిన తర్వాత కూడా యాక్సెస్ ఉంటుందా లేదా చూసుకోవాలి. మాకు కొన్ని కాగితాలు దొరకలేదు, ఒక పబ్లిషర్ ప్రతినిధి అయితే అలాంటి హక్కే లేదన్నారు, మా ఫైల్లో పాత ఇన్వాయిస్ మీద ఆ షరతు రాసుంది, స్కాన్ చేసి పంపాక ఒప్పుకున్నారు. ఏజెంట్ల దగ్గర కూడా ఈసారి ప్రొఫార్మా ఇన్వాయిస్‌లు (డబ్బు కట్టేముందు ఇచ్చే అంచనా బిల్లులు) నాలుగు లైబ్రరీలకీ కలిపి అడిగాం. డాలర్, పౌండ్, యూరోల్లో ఉండే ధరకి ఏ రోజు మారకం రేటు వేస్తారు, ఇష్యూ రాకపోతే ఎన్నాళ్ళలోపు తెప్పిస్తారు లేదా డబ్బు వెనక్కిస్తారు అన్నవి ఆర్డర్ మీదే రాయించాం. డబ్బు ముందే కట్టేస్తాం కదా, కాగితం మీద లేకపోతే తర్వాత అడగడానికి ఏమీ ఉండదు.

కమిటీలో ఫైల్ పెట్టినప్పుడు మిగిలిన డబ్బు ఎక్కడికి పోవాలో కూడా అదే నోట్‌లో రాశాం. ఇది చాలా అవసరం, విడిగా తర్వాత అడుగుదాంలే అనుకుంటే ఆ మొత్తం బడ్జెట్‌లో వేరే పద్దుకి వెళ్ళిపోద్ది. లా కాలేజీ వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్న కేస్ లా డేటాబేస్‌కి (కోర్టు తీర్పులు ఆన్‌లైన్‌లో వెతుక్కునేది) ఎక్కువ యూజర్లు, టీఆర్ జే2లో పదేపదే కనిపించిన జర్నల్స్, ఈ రెండిటికీ కేటాయించమన్నాం. ఫైనాన్స్ ఆఫీసర్ గారు ప్రశ్నలు వేశారు, ప్రతి ప్రశ్నకీ జవాబు షీట్‌లో ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ళ మాటల్లోనే ఉంది కాబట్టి చదివి వినిపించడమే మా పని అయింది.

షీట్‌ని అలాగే ఉంచాం, వచ్చే ఆగస్టుకి అందులోనే కొత్త కాలమ్‌లు కలుపుతాం. ఇప్పటికే ఒకటి కలిపాం. స్కీమ్‌లో వస్తుందని ఆపేసిన ప్రతి జర్నల్ పక్కన మేం చివరిసారి ఏ ఏడాదికి కట్టాం, ఎంత కట్టాం, ఏ సంవత్సరాల మీద మాకు హక్కుంది అన్నది రాసుకున్నాం. ఆ 6,000 కోట్లు 2027 వరకే, ఆ తర్వాత దాంట్లో ఏ పబ్లిషర్ అయినా లేకుండా పోతే ఏ స్కాలర్ ఏది కోల్పోతాడో ఆ రోజు మళ్ళీ మొదటినుంచి తవ్వుకోవాల్సిన పని ఉండదు.