వెనక సీట్లో మావగారు, కింద కొత్త షాకబ్జర్లు

మా మోరిస్ మైనర్ వెనక షాకబ్జర్లు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి నాకు ఏ మీటరూ అక్కర్లేదు. వెనక సీట్లో మా మావగారు ఉంటే చాలు. ఎనభై నాలుగేళ్ల మనిషి. చిన్న గతుకైతే "ఊఁ" అంటారు. కాస్త పెద్దదైతే "రామ రామ" అంటారు. పోయిన వేసవిలో విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్తుంటే, గజపతినగరం రాకముందే రామనామం ఆగకుండా నడుస్తోంది. అప్పుడే అర్థమైంది, ఇక వాయిదా వేసి లాభం లేదని.

బండి 1953 మోడల్. ఆంధ్ర రాష్ట్రం ఆ ఏడు అక్టోబరులో వచ్చింది కాబట్టి దీని నంబరు ఇంకా మద్రాసు నంబరే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఆ రోజుల్లో మోరిస్ మైనర్‌ని "బేబీ హిందుస్థాన్" పేరుతో అమ్మేవారు. మావగారు ఇప్పటికీ "బేబీని బయటికి తియ్యి" అంటారు, కొత్తవాళ్లు వింటే కంగారు పడతారు. బొబ్బిలిలో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. కట్నం కింద వచ్చిన కారని మా కాలేజీలో వేళాకోళం చేస్తారు గానీ, బండి ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. రిపేర్లు మాత్రం నా పేరు మీద.

ఇప్పటి బండ్ల షాకబ్జర్ అంటే అందరికీ తెలిసిందే, పొడుగ్గా గొట్టంలా ఉంటుంది. మైనర్‌కి కంపెనీ నుంచి వచ్చింది అది కాదు. లివర్ ఆర్మ్ అంటారు. పిడికిలంత పోత లోహపు డబ్బా, దాని పక్కనుంచి బయటికి ఒక చెయ్యి. మన ఊళ్లలో బోరింగు పంపు గుర్తు తెచ్చుకోండి. హ్యాండిల్ పైకీ కిందికీ ఆడుతుంటే లోపల పిస్టన్ నీళ్లని తోస్తుంది కదా, ఇక్కడ చక్రం ఎగిరినప్పుడల్లా ఆ చెయ్యి ఆడి, లోపలి పిస్టన్ ఆయిల్‌ని సన్నటి వాల్వులోంచి తోస్తుంది. ఆయిల్ అంత తేలిగ్గా వెళ్లదు, అందుకే ఊపు చచ్చిపోతుంది. తెలివైన ఏర్పాటే. కానీ లోపల పట్టే ఆయిల్ కొంచెం. అది కూడా చెయ్యి బయటికొచ్చే ఇరుసు దగ్గర చెమటలా కారిపోతుంటుంది.

మాది అలాగే కారింది. కింద పడుకుని చూస్తే రెండు వెనక డబ్బాల చుట్టూ దుమ్మూ ఆయిలూ కలిసి నల్లటి ముద్దలు కట్టి ఉన్నాయి. వెనక బంపర్ మీద అరచేత్తో గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి పైకొచ్చి నిలబడాలి. మాది మూడుసార్లు ఊగి, నాలుగోదానికి సగంలో ఆగింది. ప్లగ్గు విప్పి చూస్తే లోపల ఉన్నది ఇంజన్ ఆయిల్. నేను కాలేజీకి వెళ్లినప్పుడు ఎవరో మెకానిక్ పోసిన పుణ్యం. దానికన్నా పలచటి షాకబ్జర్ ఆయిల్ పోయాలి దీనికి. బ్రేక్ ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు. అది సీలు రబ్బర్లకి విషం.

సీళ్లు మార్పిద్దామని సాలూరు తీసుకెళ్లాను. ఎందుకు సాలూరంటే, అది లారీల ఊరు. కమాన్ కట్టల (పట్టీలు పట్టీలుగా పేర్చిన స్ప్రింగుల) మీద, ఛాసిస్‌ల మీద చేతులు తిరిగినవాళ్లు వీధి వీధికీ దొరుకుతారు. నేను వెళ్లిన షెడ్డు పెద్దాయన లివర్ పట్టుకుని పక్కకి అటూ ఇటూ ఊపి చూసి, "మాస్టారూ, ఈటికి సీలేస్తే రెండు నెల్లు. ఇరుసు ఆడుతున్నాది సూడండి, కన్నం కోలైపోనాది" అన్నాడు. నిజమే. ఇరుసు తిరిగే కన్నం అరిగితే కొత్త సీలు కూడా ఎంతో కాలం ఆయిల్‌ని ఆపలేదు.

సరే, గొట్టం షాకబ్జర్లే వేద్దామనుకున్నాం. అయితే వెనక మాత్రమే. ముందువి కూడా మార్చేయమని పెద్దాయన కొడుకు తెగ ఉత్సాహపడ్డాడు గానీ నేను ఒప్పుకోలేదు. మైనర్‌లో ముందున్న లివర్ ఆర్మ్ ఒట్టి షాకబ్జర్ కాదు, ఆ చెయ్యే సస్పెన్షన్‌కి పై ఆర్మ్. చక్రం పక్కకి తిరిగే నిలువు కడ్డీని కింగ్ పిన్ అంటారు, దాని పై కొస ఆ చేతినే పట్టుకుని ఉంటుంది. దాన్ని పీకేస్తే చక్రం నిలబడేది దేని మీద? ముందుకి కిట్లు ఉన్నాయి, నాకూ తెలుసు. అవి కూడా చాలావరకు పాత డబ్బాని అక్కడే ఉంచి పక్కన గొట్టం తగిలించేవే. ముందువైపు అంతకన్నా ముఖ్యమైన పని కింగ్ పిన్ రెండు కొసలా ఉన్న ట్రునియన్లకి, అంటే మరలున్న కీళ్లకి, గ్రీజు కొట్టడం. ఆ మరలు ఎండి అరిగి ఊడిపోతే చక్రం లోపలికి మడత పడిపోతుంది. మైనర్ పెట్టుకున్న ప్రతివాడికీ ఈ భయం ఉంటుంది, ఉండాలి కూడా.

వెనక లెక్క వేరు. అక్కడ కమాన్ కట్టలే వెనక చక్రాలు రెంటినీ కలిపే యాక్సిల్‌ని పట్టుకుంటాయి. లివర్ పని ఊపు తగ్గించడం ఒక్కటే. తీసేసినా చక్రం ఎక్కడికీ పోదు.

కొత్తవి ఎక్కడ తగిలించాలన్న దగ్గర మాటామాటా వచ్చింది. అబ్బాయి దగ్గర్లో ఉన్న చోటు చూసుకుని, షాకబ్జర్‌ని దాదాపు 45 డిగ్రీలు వాల్చి చాక్‌పీసుతో గీశాడు. "పనిచేస్తాదండి" అన్నాడు. పనిచేస్తుంది, సగం. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కదా, నోరు ఊరుకోలేదు. షాకబ్జర్ నిలువు నుంచి వాలితే చక్రం కదిలినంత అది కదలదు, అక్కడో కొసైన్ పోయింది. అది ఆపే బలంలో నిలువుగా పనికొచ్చేది కొంతే, ఇంకో కొసైన్ పోయింది. రెండూ గుణిస్తే 45 దగ్గర మిగిలేది 50 శాతం. 20 డిగ్రీల దగ్గర 88 మిగులుతుంది. అదే చాక్‌పీసుతో షెడ్డు తలుపు మీద లెక్క వేశాను. పెద్దాయన లెక్క చూడలేదు. "నిలువుగా ఉంటే మంచిదని మా నాన్న కూడా అనేవోడు" అని బ్రాకెట్టు గీత మార్చేశాడు.

బ్రాకెట్టు 6 మిల్లీమీటర్ల ప్లేటుతో చేయించాం, పాత డబ్బా బోల్టుల కన్నాల్లోకే ఎక్కేటట్టు. బండికి ఒక్క కొత్త కన్నం కూడా పెట్టనివ్వలేదు. కింద, కమాన్ కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల ప్లేటుకి బదులు పిన్ను ఉన్న కొత్త ప్లేటు. మధ్యలో ఎడమ వైపు కమాన్ కట్టని బండికి తగిలించే హ్యాంగర్ దగ్గర తుప్పు బయటపడి రెండు రోజులు వెల్డింగ్ పనికి పోయాయి, అది వేరే కథ.

ఇక కొలతలు. దుకాణానికి వెళ్లి ఫలానా బండి షాకబ్జర్లు ఇమ్మంటే ఇస్తారు. మన బండికి అది సరిపోతుందో లేదో వాళ్లకేం తెలుసు? బండిని నేల మీద నిలబెట్టి, వెనక సీట్లో మావగారిని కూర్చోబెట్టి, ఆయన పక్కన పాతిక కిలోల బియ్యం బస్తా రెండు పెట్టి, షాకబ్జర్ పై కన్ను (తగిలించే రంధ్రం) వచ్చే చోటు నుంచి కింద కన్ను వచ్చే చోటుకి టేపు పట్టాను. 345 మిల్లీమీటర్లు. యాక్సిల్ పైకి వెళ్లి, దాన్ని అక్కడ ఆపే బంప్ రబ్బరుకి తగిలితే 285. చక్రం గాల్లో వేలాడితే 415. కాబట్టి పూర్తిగా మూసినప్పుడు 285 కంటే పొట్టిగా, పూర్తిగా లాగినప్పుడు 415 కంటే పొడుగ్గా ఉన్నది కావాలి. లేకపోతే పెద్ద గుంటలో షాకబ్జరే బంప్ రబ్బరు పని చేస్తుంది. అంటే కొన్నాళ్లకి విరుగుతుంది, లేదా బ్రాకెట్టుని పెరికేస్తుంది. నాకు దొరికింది మూస్తే 270, లాగితే 430.

ఇన్ని లెక్కలు వేసుకున్నవాణ్ణి, ఒక్క చోట మోసపోయాను. అదే పొడుగులో రెండు రకాలున్నాయి. ఆయిల్‌తో పాటు గ్యాస్ కూడా నింపినవి, ఉత్త ఆయిల్‌వి. గ్యాస్‌వి ఖరీదెక్కువ, కాబట్టి మంచివి అనుకుని అవే తెచ్చాను. అవి బరువైన బండ్ల కోసం చేసినవి. మా బేబీ ముప్పాతిక టన్ను. బిగించి రామభద్రపురం రోడ్డెక్కగానే తెలిసిపోయింది. వరసగా చిన్న చిన్న గతుకులొచ్చిన చోట కమాను ఒకసారి కుంగాక, తిరిగి లేవడానికి షాకబ్జర్ వదలడం లేదు. లేచేలోపే ఇంకో గతుకు. బండి వెనక భాగం అలా కిందికి కిందికి పోయి చివరికి రబ్బరుకి ధడ్‌మని కొట్టింది. మావగారు రాముణ్ణి కూడా తలుచుకోలేదు. "ఇదేటి నాయనా, ఎడ్లబండి చేసేవు" అన్నారు. దుకాణంవాడు వెనక్కి తీసుకోనన్నాడు. ఆ జత ఇప్పుడు మా మేడ మీద ఉంది.

రెండోసారి తేలికపాటి బండ్లకి వేసే ఆయిల్ షాకబ్జర్లు తెచ్చాను. వీటిని డబ్బా విప్పగానే బిగించకూడదు. దుకాణంలో పడుకోబెట్టి ఉంచుతారు కాబట్టి లోపలి గాలి ఆయిల్లో కలిసి ఉంటుంది. నిటారుగా పట్టుకుని ఐదారుసార్లు పూర్తిగా లాగి నొక్కితే మొదట్లో మెత్తగా జారిపోతుంది, తర్వాత చేతికి ఒకేలా బిగువు తగులుతుంది. అప్పుడు బిగించాలి. కన్నుల్లోని రబ్బరు బుష్‌ల నట్లు మాత్రం బండి జాకీ మీద ఉన్నప్పుడు వేలితో వదులుగా పెట్టి, చక్రాలు నేల మీద ఆనాక పానా వెయ్యాలి. గాల్లో ఉండగానే బిగించేస్తే, బండి దిగగానే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి తొందరగా చిరిగిపోతుంది. అబ్బాయి పైనే బిగించబోయాడు, పెద్దాయన వాడి చేతిలోంచి పానా లాక్కున్నాడు.

బంపర్ నొక్కి వదిలాను. ఒకసారి లేచి ఆగింది. మళ్లీ నొక్కాను. అంతే. పెద్దాయన బీడీ వెలిగించుకుంటూ "సాల్లే మాస్టారూ, బంపర్ ఊడిపోద్ది" అన్నాడు.

సాలూరు నుంచి బొబ్బిలి దాకా మావగారు ఒక్క మాట మాట్లాడలేదు. అద్దంలో చూస్తే కళ్లు మూసుకుని ఉన్నారు. ఇల్లు చేరి, కండువా దులుపుకుని దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బాగానే ఉంది గానీ, మునుపటి ఉయ్యాల ఊపు లేదు" అన్నారు. ఏమంటాం?

పాత లివర్ డబ్బాలు రెండూ కిరోసిన్‌తో కడిగి, న్యూస్‌పేపర్లో చుట్టి, మంచం కింద పెట్టాను. బోల్టులు కూడా అందులోనే. మా ఆవిడ ఊడ్చినప్పుడల్లా చీపురు వాటికి తగులుతోంది. నిన్న ముందు ఎడమ చక్రం పక్కన నేల మీద ఆయిల్ చుక్క ఒకటి కనపడింది. ఆ వైపు పాత డబ్బాయే ఉంది కదా. అర లీటరు షాకబ్జర్ ఆయిల్ తెచ్చి పెట్టాను, ఆదివారం ప్లగ్గు విప్పి చూడాలి.