మేట్ అన్న పిలుపులోని మర్యాద

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు చదువుకొని ఆస్ట్రేలియా బయలుదేరే మన పిల్లలకు వ్యాసం రాయడం, ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పడం నేర్పుతారు. అక్కడ దిగిన రోజు నుంచి చెవిన పడే మేట్ అన్న మాటను ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అంటే ఏమి అర్థమో మాత్రం చెప్పేవారు తక్కువ. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసి హైదరాబాద్‌కు తిరిగివచ్చిన నాకు ఇది చిన్న లోటుగా తోచదు.

నిఘంటువు ప్రకారం మేట్ అంటే స్నేహితుడు. ఒకరి గురించి చెబుతూ "మై మేట్" అన్నప్పుడు ఆ అర్థం నిజమే. పిలుపుగా వాడినప్పుడు మాత్రం దానికి స్నేహంతో పనిలేదు. కాఫీ అందించేవారు, బస్సు డ్రైవరు, మన పేరు గుర్తులేని సహోద్యోగి, అందరూ అంటారు. మనం ఆటో డ్రైవరును అన్నా అని పిలిచినట్టే కదా అని హైదరాబాదువారికి అనిపించడం సహజమే కాని, ఆ పోలిక పూర్తిగా కుదరదు. అన్నా అనడంలో ఎదుటి మనిషిని మనకన్నా పెద్దగా చేసుకొని గౌరవిస్తాం. మేట్ అనేవారు తాము పెద్దా కాదు, మీరు చిన్నా కాదు అంటున్నారు. అందుకే మేనేజరు మనల్ని మేట్ అంటారు, సార్ అని పిలిస్తే ఆయనే ఇబ్బందిపడతారు.

ఈ సమానత్వంపై అక్కడివారి పట్టింపు 2005 ఆగస్టులో అందరికీ కనిపించింది. రాజధాని కాన్‌బెర్రాలోని పార్లమెంటు భవనంలో భద్రతా సిబ్బంది ఎవరినీ మేట్ అని పిలవరాదని ఆదేశం వస్తే, అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్, ఆయనకు ప్రత్యర్థి పక్షమైన లేబర్ పార్టీ మాజీ ప్రధాని బాబ్ హాక్ ఇద్దరూ తప్పుపట్టారు. ఆదేశం వెంటనే రద్దయింది.

అసలు చిక్కు గొంతులో ఉంది. "థ్యాంక్స్, మేట్" అని తేలికగా అంటే కృతజ్ఞత, అంతే. మాటను సాగదీసి "లుక్, మేట్" అని మొదలుపెడితే మాత్రం ఓపిక తగ్గుతోందని అర్థం, ఒక్కోసారి అది హెచ్చరిక కూడా. మీటింగుల్లో ఆ రెండో పిలుపును ఆప్యాయతగా భావించి వాదన పొడిగించిన మనవారిని చూశాను. రోజూ మేట్ అని నవ్వే సహోద్యోగి ఒక్కసారైనా ఇంటికి పిలవలేదని లోలోపల బాధపడేవారూ ఉన్నారు. ఒంటరిగా ఉన్న మనిషికి ఆ బాధ చిన్నది కాదు. అయితే పిలిచినవారిలో కపటం లేదు, ఆ పిలుపు ఇచ్చిన మాట అంతవరకే.

ఒకప్పుడు ఇది మగవారి మధ్య మాట. ఇప్పుడు యువతులూ వాడుతున్నారు. వయసులో పెద్దవారైన మహిళలతో అనవచ్చో లేదో తేలనప్పుడు పేరుతో పిలవడం మేలు. అక్కడి ఆఫీసుల్లో ఎంతటి అధికారినైనా మొదటి పేరుతోనే పిలుస్తారు కనుక ఎవరూ దాన్ని అమర్యాదగా తీసుకోరు.