పెరటాసి నెలలో ఆపిల్ క్రంబుల్: నా అనుభవం

పెరటాసి నెల, అంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఉండే వెంకన్నస్వామి నెల, వచ్చిందంటే మా ఇంట్లో మాంసం సంగతి సరే, కోడిగుడ్డు కూడా లోపలికి రాదు. శనివారాలు స్వామికి తళిగ (నైవేద్యం) వేస్తాం, మిగతా రోజులు మామూలు వంట. సరిగ్గా అప్పుడే పిల్లలకు దసరా సెలవులు, తిరుపతిలో ఏ వీధిలో చూసినా ఆపిల్ బండ్లు. మా పెద్దోడు కేక్ కేక్ అని వెంటపడుతుంటే, నాటింగ్‌హామ్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు ఫోన్‌లో చెప్పింది, గుడ్డు లేకుండానే చేసేది ఒకటుంది, ఆపిల్ క్రంబుల్ చెయ్యి అని. వాళ్ల దగ్గర చలి మొదలయ్యే రోజుల్లో, చెట్ల నుంచి ఆపిల్స్ దిగే కాలంలో ఇళ్లల్లో చేసుకునే తీపి ఇది.

కింద ఆపిల్ ముక్కలు, పైన మైదా, వెన్న, చక్కెర కలిపి నలిపిన పొడి, అంతే. చపాతీలా ఒత్తేది లేదు, బేకింగ్ పౌడర్ లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లో వెన్న, చక్కెర రేషన్‌లో కొలిచి ఇచ్చేవాళ్లు, పిండి ఒత్తి కప్పి చేసే 'ఆపిల్ పై' అనే వంటకానికి అవి చాలక ఇది బాగా వాడుకలోకి వచ్చిందని చెప్తారు. ఇంత తక్కువ సామానుతో అయ్యే వంట కాబట్టే, ఉన్న నాలుగు వస్తువుల్లో ఏది తేడాగా ఉన్నా రుచిలో తెలిసిపోతుంది. చేశాక నాకు అర్థమైంది ఏంటంటే ఇందులో రెండే రెండు విషయాలు చూసుకోవాలి, కాయలో పులుపు, వెన్నలో చల్లదనం. తిరుపతిలో అక్టోబర్‌లో ఈ రెండూ వాటంతటవి దొరకవు.

ముందు కాయ సంగతి. "పాపా, ఆడ దొరికే ఎర్ర ఆపిల్ ఒక్కటే వేస్తే తీపి తప్ప ఇంకేం తెలియదు, పులుపుండే కాయ చూడు" అంది అక్క. వాళ్లు వాడేది బ్రామ్లీ అనే కాయ, ఆ మొదటి చెట్టు వాళ్ల ఊరికి దగ్గర్లోనే సౌత్‌వెల్ అనే చోట 1809లో నాటిన గింజ నుంచి వచ్చిందట. పచ్చిది కొరికితే పళ్లు పులిసేంత పులుపు, ఉడికితే మెత్తగా గుజ్జయిపోతుంది. మన దగ్గర సిమ్లా ఆపిల్ అని అమ్మేది ఎక్కువగా డెలీషియస్ రకం. దీని వెనక కథ నాకు భలే నచ్చింది. 1870 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు కులూ లోయలో వేసిన తోటల్లో కాయలు పుల్లగా ఉండి మనవాళ్లకు ఎక్కలేదు, తర్వాత 1916లో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ సిమ్లా అవతల కోట్‌గఢ్‌లో తియ్యటి రెడ్ డెలీషియస్ నాటాడు, హిమాచల్ రైతుల బతుకే మారిపోయింది. మనం కొరుక్కు తినడానికి ఆ కాయ చాలా మంచిది. ఓవెన్‌లో పెడితే మాత్రం పులుపు లేని పిండిపిండి ముద్ద అవుతుంది.

బ్రామ్లీ ఇక్కడ దొరకదు కాబట్టి ఆకుపచ్చ ఆపిల్, అంటే గ్రానీ స్మిత్, తెచ్చుకోవాలి. మా బైరాగిపట్టెడలో బండ్ల మీద కనపడలేదు, ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక సూపర్ మార్కెట్‌లో దొరికింది, బయటి దేశం కాయ కాబట్టి రేటు ఎక్కువే. మొత్తం అదే వెయ్యక్కర్లేదు, సగం అది, సగం సిమ్లా ఆపిల్. ఆకుపచ్చది పులుపిస్తుంది, ఎర్రది వాసన ఇస్తుంది. బండి మీద ఎర్రవి ఏరుకునేటప్పుడు వేలితో నొక్కితే గట్టిగా ఉన్నవే తీసుకోండి, కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉన్న కాయ పైకి నిగనిగలాడుతుంది కానీ లోపల బెండులా ఉంటుంది.

అన్నీ కలిపి ముప్పావు కిలో పైచిలుకు. తొక్క తీసి, కొంచెం పెద్ద ముక్కలే కోసి, వెంటనే అర చెక్క నిమ్మరసం పిండాను, లేకపోతే గాలి తగిలి ముక్కలు నల్లబడతాయి. అక్క బ్రౌన్ షుగర్ వెయ్యమంది. చిత్తూరు బెల్లం ఇంట్లో పెట్టుకుని బ్రౌన్ షుగర్ కోసం తిరగడం నాకు మనసొప్పలేదు. 80 గ్రాముల బెల్లం తురిమి, ఒక చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు కలిపి అరగంట పక్కన పెడితే గిన్నె అడుగున నీళ్లు ఊరాయి. ఈ నీళ్లను అలాగే ఓవెన్‌లోకి పంపితే పైన వేసిన పొడి కిందనుంచి నాని మెత్తబడుతుంది. అందుకని ఆ రసం వంచి, చిన్న మంట మీద లేత పాకంలా చిక్కబడేదాకా మరిగించి, మళ్లీ ముక్కల మీదే పోశాను. మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, వంటిల్లంతా బెల్లం, దాల్చినచెక్క వాసన.

మా అత్త వచ్చి చూసి "యాలక్కాయ వెయ్యలేదేమ్మా?" అని అడిగింది. "వద్దత్తా, వేస్తే పాయసం వాసన వస్తుంది, ఆపిల్ వాసన పోతుంది" అన్నాను. ఈ విషయంలో నా మాట మీద నేను గట్టిగానే ఉన్నాను.

ఇక వెన్న. వెన్న చల్లగా, గట్టిగా ఉండి పిండిలో చిన్న చిన్న పలుకులుగా మిగిలితేనే వేడికి కరిగి ఆ పొడి కరకరలాడుతుంది. ముందే కరిగితే పిండి దాన్ని పీల్చుకుని జిడ్డు ముద్దవుతుంది. నాటింగ్‌హామ్‌లో అక్క వంటింట్లో అక్టోబర్‌లో ఆ ఇబ్బందే లేదు. మనకేమో ఇక్కడ మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట, వెన్న ఫ్రిజ్‌లోంచి తీసిన కాసేపటికే జారిపోతుంది. అందుకే పొద్దున్నే, ఎండ ఎక్కకముందే ఈ పని పెట్టుకున్నాను. 100 గ్రాముల వెన్న ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టాను, 150 గ్రాముల మైదా గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున ఆ వెన్నను కొబ్బరి తురిమినట్టు తురుముపీట మీద నేరుగా మైదాలోకి తురిమేశాను. ఇంట్లో చిలికిన వెన్నతో కూడా చెయ్యొచ్చు కానీ దాంట్లో మజ్జిగ తేమ ఎక్కువ, చల్లటి నీళ్లలో బాగా కడిగి, తడి పిండేసి వాడాలి. నేను కొన్న వెన్నే వాడాను, దాంట్లో ఉప్పుంటుంది కాబట్టి పొడిలో వేరే ఉప్పు వెయ్యలేదు.

నలిపేటప్పుడు అరచెయ్యి తగలకూడదు, అరచెయ్యి వేడి. వేళ్ల కొసలతోనే, గబగబా, బరక రవ్వలా అయ్యేదాకా. తర్వాత 75 గ్రాముల చక్కెర, గుప్పెడు శెనక్కాయ విత్తనాలు వేయించి పొట్టు తీసి రోట్లో కచ్చాపచ్చాగా దంచినవి. అక్క వాళ్లు ఓట్స్, బాదం వేస్తారట, మా వైపు శెనక్కాయలకు కరువా! చివర్లో ఒక చెంచా ఐస్ నీళ్లు చిలకరిస్తే అక్కడక్కడ చిన్న ఉండలు కడతాయి, అవే కాలాక కరకరలాడేవి.

ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, 180 డిగ్రీల్లో పది నిమిషాలు ముందే వేడి చేసుకోవాలి, పైరాడ్, కిందిరాడ్ రెండూ వేసి. కుక్కర్‌లో ఇసుక పోసి చేయొచ్చా అని మా పక్కింటి ఆవిడ అడిగింది. కేక్‌కి అది సరిపోతుంది కానీ దీనికి పైనుంచి వేడి తగలాలి, లేకపోతే పొడి తెల్లగా పచ్చిగానే ఉండిపోతుంది. ముక్కలు గాజు గిన్నెలో పరిచి, పొడి పైన వదులుగా చల్లాను. అదిమి పెట్టకండి, ఆవిరి పోయే దారి ఉండాలి.

ఇరవై నిమిషాలయ్యాక ఒక్కసారిగా ఉరుము, వాన, కరెంటు పోయింది. నాకొచ్చిన టెన్షన్ అంతా ఇంతా కాదు. ఓటీజీ తలుపు తియ్యాలని చెయ్యి లాగుతున్నా తియ్యలేదు, లోపలి వేడి పోతే ఇక అంతే. అరగంటకు కరెంటు వచ్చింది, మళ్లీ పాతిక నిమిషాలు పెట్టి, చివరి అయిదు నిమిషాలు పైరాడ్ ఒక్కటే ఉంచాను. అంచుల దగ్గర పాకం బుడగలు బుడగలుగా పైకి ఉబికి, పైన బంగారు రంగు వస్తే అయినట్టు. కరెంటు పోకుంటే ఏకధాటిగా 40 నిమిషాలు సరిపోతుంది. బయటికి తీశాక కూడా పావుగంట ఆగాలి, అప్పుడే పాకం చిక్కబడుతుంది. పిల్లల్ని ఆపడమే కష్టం.

దీని మీద వేడి కస్టర్డ్ పోసుకుని తింటారు. అసలు కస్టర్డ్ గుడ్డుతోనే చేస్తారు, కానీ 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకు గుడ్డు పడదని కార్న్‌ఫ్లోర్‌తో చేసే కస్టర్డ్ పొడి కనిపెట్టాడు. మన కిరాణా కొట్లో దొరికే కస్టర్డ్ పౌడర్ కూడా కార్న్‌ఫ్లోరే. ఆయన భార్య కోసం చేసింది మా పెరటాసి నెలకు ఇంత బాగా పనికొస్తుందని ఎవరనుకున్నారు! కస్టర్డ్‌లో మాత్రం చక్కెరే వేసుకోండి, బెల్లం వేసి మరిగిస్తే పాలు విరగొచ్చు.

మా అత్త మొదట "దీంట్లో గుడ్డు లేదు కదమ్మా?" అని ఇంకోసారి అడిగి మరీ చెంచా పెట్టింది. తిన్నాక, పులుపు ఉంది కాబట్టి ఇంకొంచెం తినబుద్ధవుతుంది అంది. నేను మొదటి నుంచీ ఆ పులుపు కోసమే కదా ఇంత తిరిగింది, ఆ మాటకు నాకు చాలా సంతోషం వేసింది. వీడియో కాల్‌లో అక్క చూసి, శెనక్కాయల సంగతి అడిగి రాసుకుంది.

మిగిలింది మైక్రోవేవ్‌లో పెట్టకండి, పైన ఉన్నది మెత్తబడిపోతుంది. ఓటీజీలోనే పది నిమిషాలు వేడి చేస్తే మళ్లీ కరకరలాడుతుంది. ఎక్కువమందికి చేయాలంటే ఒకే లోతు గిన్నెలో నింపకుండా రెండు వెడల్పు గిన్నెల్లో సర్దండి, అడుగు ముక్కలు పచ్చిగా మిగలవు. చివరి శనివారం బంధువులు వస్తున్నారు, నేను అలాగే చెయ్యబోతున్నాను.